పాత బుల్లెట్ ఇంజన్‌ను ఇంటివద్ద దించడం ఎలా? పానా పట్టకముందు తెలుసుకోవలసినవి

కోలారు, పావగడ, బళ్లారి ప్రాంతాలలోనూ, హోసూరు, గుడియాత్తం, తిరుత్తణి వైపునా, పర్లాకిమిడి, రాయగడ దారులలోనూ ఉన్న తెలుగు ఇళ్లలో పశువుల కొట్టంలోనో, ధాన్యపు గదిలోనో గోనెపట్టా కప్పి ఉంచిన పాత బుల్లెట్ మోటారుసైకిలు ఒకటి కనబడడం వింత కాదు. ఒకనాడు తాతగారు సంతకు, పెళ్లి సంబంధాలకు, ఆసుపత్రికి రాష్ట్రపు సరిహద్దు దాటి వెళ్లివచ్చిన బండి అది. దాని చప్పుడు వినబడితే ఆయన ఊరి పొలిమేర దాటారని ఇంట్లో పొయ్యి వెలిగించేవారు. ఆయన కాలం చేసిన తరువాత బండి మూలన పడింది. ఇప్పుడు మనుమడు దానిని తిరిగి నడపాలని ముచ్చటపడుతున్నాడు. సెలవు రోజు చూసుకొని, ఇద్దరు మిత్రులను పిలిచి, ఇంజన్‌ను విప్పడానికి కూర్చుంటున్నాడు.

ముచ్చట మంచిదే. పాత బుల్లెట్ ఇంజన్‌ను ఇంటి ముంగిట దించడం అసాధ్యమైన పని కూడా కాదు. కాని విప్పిన బండ్లన్నీ తిరిగి రోడ్డెక్కడం లేదు. కొన్ని పెట్టెలలో ముక్కలుగా మిగిలిపోతున్నాయి. కొన్ని బాగై కూడా కాగితాలు సరిపోక నిలిచిపోతున్నాయి. ఈ రెండు నష్టాలకూ కారణం చేతిలో బలం లేకపోవడం కాదు, విప్పేముందు వ్రాసుకోకపోవడం. తిరిగి బిగించడం తెలిసేటట్లు విప్పడమే ఈ పనిలోని విద్య.

ఏ బుల్లెట్ గురించి ఈ మాటలు?

1950లలో భారత సైన్యం అవసరాల కోసం ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం నుండి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు మన దేశానికి వచ్చాయి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. త్యాగరాజస్వామి త్రిపురసుందరీదేవిపై తెలుగు కీర్తనలు రచించిన తిరువొత్తియూరులోనే ఆ కర్మాగారం వెలసింది. మొదట విడిభాగాలను తెచ్చి కూర్చినా, తరువాత బండి అంతా అక్కడే తయారైంది. ఇంగ్లండులో మాతృసంస్థ మూతపడిన తరువాత కూడా ఇక్కడ అదే నమూనా దశాబ్దాల పాటు కొనసాగింది. తరువాత ఇంజనూ గేరుపెట్టే ఒకే పొదుగులో ఉండే కొత్త తరం ఇంజన్లు వచ్చాయి.

ఈ వ్యాసం ఆ పాత తరానికి చెందిన, పోత ఇనుప బోరు కలిగిన 350 బుల్లెట్‌కు సంబంధించినది. దాని బోరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు, సామర్థ్యం 346 సి.సి. గేర్లు నాలుగు, గేరు మార్చేది కుడికాలితో, వెనుక బ్రేకు ఎడమకాలితో. ఇంజన్‌కు వెనుక గేరుపెట్టె విడి భాగంగా ఉండి, బోల్టులతో దానికే బిగించి ఉంటుంది. ఇతర పాత బండ్లకు కూడా ఇక్కడి సూత్రాలు వర్తిస్తాయి కాని, బోల్టుల వరుస వేరుగా ఉంటుంది.

ముందుగా కాగితాలు

ఇంజన్ అనగా ఇనుప ముద్ద మాత్రమే కాదు. దాని క్రాంక్ కేసుపై చెక్కిన సంఖ్యే ఆ బండికి చట్టం దృష్టిలో సగం పేరు. మిగిలిన సగం ఫ్రేముపై చెక్కిన ఛాసిస్ సంఖ్య. ఈ రెండూ ఆర్.సి. పుస్తకంలోని సంఖ్యలతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. కావున పానా పట్టకముందు చేయవలసిన మొదటి పని కిరసనాయిలు గుడ్డతో ఆ రెండు చోట్లా మట్టిని తుడిచి, సంఖ్యలను చదివి, వ్రాసుకోవడం. పలుచని కాగితాన్ని దానిపై ఉంచి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. ఆ అచ్చును తేదీ వేసి భద్రపరచాలి. ఇనుప బ్రష్షుతోనో, ఉప్పు కాగితంతోనో ఆ చోటును గట్టిగా రుద్దరాదు. అంకెలు అరిగితే, అవి చెరిపివేసినవి కావని నిరూపించుకోవలసిన భారం యజమానిపై పడుతుంది.

సరిహద్దు కుటుంబాలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. బండి ఒక రాష్ట్రంలో రిజిస్టరై, మనుషులు మరొక రాష్ట్రంలో ఉండడం ఇక్కడ సాధారణం. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ సంఖ్య పొందవలసి ఉంటుంది. అందుకు మొదటి కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తేవాలి. సొంత వాహనపు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలకు ముగుస్తుంది. తరువాత 5 సంవత్సరాలకొకసారి పునరుద్ధరించుకోవాలి. యజమాని మరణిస్తే వారసులు 30 రోజులలోపు అధికారికి తెలియజేసి, 3 నెలలలోపు పేరు మార్పునకు దరఖాస్తు చేయాలన్నది నియమం. ఆ గడువు ఎన్నడో దాటిపోయిన ఇళ్లవారు ఇంజన్‌ను విప్పకముందే రవాణా కార్యాలయంలో విచారించుకోవడం మేలు. బండి నిలువుగా, సంఖ్యలు కనబడేటట్లు ఉన్నప్పుడు జరిగే తనిఖీ వేరు. గోనెసంచిలో ముక్కలుగా ఉన్నప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు వేరు.

బండి వయస్సు 50 సంవత్సరాలు దాటినట్లయితే మరొక విషయం ఉంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పురాతన వాహనాలకు ప్రత్యేక నియమాలు చేసింది. అసలు రూపం చెడకుండా, ఫ్రేములో గాని ఇంజన్‌లో గాని పెద్ద మార్పులు లేకుండా ఉన్న వాహనానికే ఆ రిజిస్ట్రేషన్ లభిస్తుంది. దానికి రుసుము 20,000 రూపాయలు. అట్లా రిజిస్టరైన బండిని ప్రదర్శనలకు, పురాతన వాహనాల ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం నింపుకోవడానికి తప్ప రోజువారీ తిరుగుడుకు వాడరాదు. తాతగారి బండిపై పొలానికి వెళ్లిరావాలనుకొనేవారు ఈ తేడాను తెలుసుకొని మార్గం ఎంచుకోవాలి.

అసలు దించవలసిన అవసరం ఉన్నదా?

పాత బండి పొగ వదిలినా, చప్పుడు చేసినా ఇంజన్ దించవలసిందేనని కొందరు తొందరపడతారు. బుల్లెట్ నిర్మాణంలో ఒక సౌలభ్యం ఉంది. ట్యాంకు తీస్తే చాలు, హెడ్డు, బోరు, పిస్టన్ రింగులు, వాల్వులు ఇంజన్ ఫ్రేములో ఉండగానే విప్పవచ్చు. క్లచ్చు, ప్రైమరీ చైను ఎడమవైపు మూత తీస్తే కనబడతాయి. పాయింట్లు, టైమింగు పళ్లచక్రాలు, ఆయిలు పంపులు కుడివైపు నుండి అందుతాయి. నీలిరంగు పొగకు, వాల్వుల చప్పుడుకు, క్లచ్చు జారడానికి ఇంజన్‌ను దించవలసిన పని లేదు.

ఎక్కువ కాలం నిలిచిన బుల్లెట్‌లో మరొక భ్రమ కలుగుతుంది. దీని ఆయిలు క్రాంక్ కేసులోనే ఒక ప్రత్యేక అరలో నిలువ ఉంటుంది. నెలల తరబడి కదలకపోతే ఆ ఆయిలు మెల్లగా పంపు గుండా ఫ్లైవీళ్లు తిరిగే అరలోకి జారుతుంది. ఆ స్థితిలో బండిని నడిపితే విపరీతంగా పొగ వస్తుంది, ఎక్కడపడితే అక్కడ ఆయిలు కారుతుంది. అడుగున ఉన్న బిరడాలు విప్పి, జారిన ఆయిలును తీసివేసి, కొత్త ఆయిలు పోస్తే ఆ జబ్బు చాలావరకు నయమవుతుంది.

ఇంజన్‌ను తప్పక దించవలసిన సందర్భాలు కొన్నే. కనెక్టింగ్ రాడ్డు అడుగుభాగపు బేరింగు అరిగి లోపలి నుండి లోతైన దెబ్బ చప్పుడు రావడం, క్రాంకు బేరింగులు పోవడం, క్రాంక్ కేసు పగలడం, దాని రెండు దొప్పల నడుమ అతుకు నుండి ఆయిలు ఆగకుండా కారడం, ఫ్రేమును పూర్తిగా రంగు వేయించడం అటువంటివి. కారణం ఒక్కటే. క్రాంకును బయటకు తీయాలంటే రెండు దొప్పలనూ విడదీయాలి. ఇంజన్ ఫ్రేములో ఉండగా అది సాధ్యం కాదు. ఇటువంటి కారణం ఏదీ లేకపోతే దించకపోవడమే తెలివి.

చోటు, పనిముట్లు

నీడ, గాలి, గట్టి నేల ఉన్న వసారా ఈ పనికి తగినది. వంటగది పక్కన గాని, దేవుని దీపం వెలిగే గదిలో గాని చేయరాదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. నేల వెంబడి పాకి, దూరాన ఉన్న పొయ్యినైనా అందుకోగలదు. బీడీ, అగ్గిపెట్టె ఆ దరిదాపులకు రారాదు. ఒక బక్కెటు ఇసుక పక్కన ఉంచుకోవాలి. పంచె, లుంగీ కొంగులు బిగించుకోవాలి. కాళ్లకు గట్టి చెప్పులో, బూట్లో ఉండాలి. చిన్నపిల్లలను, దూడలను దూరంగా ఉంచాలి.

పానాల విషయంలో ఒక చిక్కు ఉంది. పాత బుల్లెట్‌లో చాలా మరలు ఆంగ్లేయుల కాలపు కొలతలవి. వాటికి విట్‌వర్త్ పానాలు కావాలి. ఆ పానాలపై ఉండే అంకె బోల్టు తల వెడల్పును కాదు, బోల్టు కాడ వ్యాసాన్ని తెలుపుతుంది. నేటి మిల్లీమీటరు పానా దగ్గరగా పట్టినట్లే ఉండి, బలం పెట్టగానే జారి, నట్టు మూలలను గుండ్రం చేస్తుంది. తరువాత వచ్చిన బండ్లలో రెండు రకాల మరలూ కలిసి ఉండవచ్చు. కావున ప్రతి నట్టుకు పానాను ముందుగా పట్టి చూసి, కదలిక లేకుండా కూర్చున్నదనే నిశ్చయం కలిగిన తరువాతనే బలం పెట్టాలి. సందు ఉన్న పానాతో ఒక్క నట్టును కూడా విప్పరాదు.

తుప్పుపట్టిన నట్లపై ముందురోజు రాత్రే తుప్పువదిలే నూనెను గాని, డీజిలును గాని పోసి ఉంచాలి. తెల్లవారి చిన్న సుత్తితో బోల్టు తలపై నాలుగు దెబ్బలు తట్టితే తుప్పు చిట్లుతుంది. ఎంతకూ రాని నట్టుకు గొట్టం తగిలించి బలం పెంచకముందు, అది ఎడమ మర కలది కాదు గదా అని సరిచూడాలి. తిరిగే ఇరుసులపై ఉండే కొన్ని నట్లు ఎదురు దిశలో విప్పవలసినవిగా ఉంటాయి.

నోటుపుస్తకమే ముఖ్యమైన పనిముట్టు

బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి సిద్ధం చేసుకోవాలి. విప్పిన ప్రతి భాగానికీ ఒక వరుస సంఖ్య, తేదీ, అది ఉన్న చోటు, వాషర్లు ఎన్ని, ఏవైపు ఏది ఉన్నదో వ్రాయాలి. చరవాణితో ప్రతి దశకు ముందు రెండు ఫొటోలు తీయాలి. ఫొటోను మాత్రమే నమ్ముకుంటే చాలదు. ఫొటోలో వాషరు వెనుక దాగిన వాషరు కనబడదు.

వాడకం మానేసిన ఇడ్లీ రేకులు నట్లు పెట్టుకోవడానికి చక్కగా పనికివస్తాయి. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క చోటి నట్లు, వాషర్లు ఉంచి, గుంట పక్కన సంఖ్య వ్రాస్తే వరుస తప్పదు. ఇంతకన్నా మేలైన పద్ధతి, భాగం విడిపోగానే దాని బోల్టులను అదే రంధ్రంలో చేతితో రెండు చుట్లు తిప్పి ఉంచడం. బోల్టు పోదు, ఏది దేనిదన్న తగవు రాదు. తీగలకు బట్ట ముక్కలు కట్టి జతలుగా సంఖ్యలు వేయాలి. తీగల రంగును నమ్మరాదు. ముప్పై ఏళ్లలో ఎంతమంది మిస్త్రీలు ఏ తీగకు ఏ ముక్క అతికారో ఎవరికీ తెలియదు.

విప్పే వరుస

బండిని మధ్య స్టాండుపై నిలిపి, వెనుక చక్రానికి ఇరువైపులా రాళ్లు పెట్టాలి. ఇంజన్ తిరిగే స్థితిలో ఉంటే కాసేపు నడిపి, వేడి తగిలిన ఆయిలును దించాలి. వెచ్చని ఆయిలు మురికిని వెంట తెస్తుంది. క్రాంక్ కేసు అడుగున ఒకటికి మించిన బిరడాలు ఉంటాయి. అన్నిటినీ విప్పాలి. పాత ఆయిలును బావి దగ్గర గాని, కాలువలో గాని, చేనిగట్టున గాని పోయరాదు. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇవ్వాలి.

పిస్టన్ పట్టుకుపోయిన బండి అయితే కిక్కుపై ఎగిరి తొక్కరాదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రం గుండా కొద్దిగా పలుచని ఆయిలు పోసి, నాలుగైదు రోజులు నానబెట్టాలి. తరువాత పైగేరులో వేసి వెనుక చక్రాన్ని ముందుకు వెనుకకు మెల్లగా ఊపితే చాలా సందర్భాలలో వదులవుతుంది.

వరుసలో మొదటిది బ్యాటరీ. దాని రెండు కొనలనూ విప్పేముందు, ఏ కొన ఫ్రేముకు కలిపి ఉన్నదో తప్పక వ్రాసుకోవాలి. నేటి బండ్లలో మైనస్ కొన ఫ్రేముకు ఉంటుంది. కొన్ని పాత బండ్లలో ప్లస్ కొన ఉండవచ్చు. తిరిగి కలిపేటప్పుడు తారుమారైతే రెక్టిఫయరు కాలిపోతుంది.

తరువాత పెట్రోలు కుళాయి కట్టి, గొట్టం తీసి, ట్యాంకులోని పెట్రోలును మూత ఉన్న ఇనుప డబ్బాలోకి పట్టాలి. సీటు, ట్యాంకు తీసి ఇంటి లోపలికి కాక, నీడగల వేరొక కొట్టంలో పెట్టాలి. ట్యాంకును నేలపై ఒట్టిగా ఉంచక, దుప్పటి పరచి ఉంచితే రంగు చెడదు.

పిమ్మట కుడివైపు సైలెన్సరు, దాని గొట్టం తీయాలి. కార్బురేటరును విప్పి, యాక్సిలరేటరు తీగతో సహా హ్యాండిలుకు వ్రేలాడగట్టవచ్చు. హెడ్డులోని చిన్న రంధ్రానికి గుడ్డ కుక్కాలి. లోపలికి జారిన ఒక చిన్న మర పిస్టన్‌నే చీల్చగలదు. హెడ్డుపై ఉన్న డీకంప్రెసరు తీగ, ప్లగ్గు తీగ, కుడివైపు పాయింట్లకు వచ్చే సన్నని తీగ, గేరుపెట్టె కుడిమూతపై ఉన్న క్లచ్చు తీగ, ఎడమవైపు ఆల్టర్నేటరు నుండి వచ్చే తీగలు ఒక్కొక్కటిగా సంఖ్యలు కట్టి విడదీయాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. క్లచ్చు నడుమ నట్టును, క్రాంకు కొసన ఉన్న నట్టును తరువాత విప్పవలసి ఉంటుందని తెలిసినట్లయితే, వాటిని ఇప్పుడే వదులు చేసుకోవాలి. ఎడమవైపు కాలిపలక, బ్రేకు పెడలు తీస్తే ప్రైమరీ చైను మూత వస్తుంది. పెద్ద మూత అయినా దానిని పట్టి ఉంచేది నడుమ ఉన్న ఒక్క నట్టే. మూత తీసేముందు అడుగున పళ్లెం పెట్టాలి. అందులో వేరే ఆయిలు ఉంటుంది. బండిని పైగేరులో వేసి, ఒకరు వెనుక బ్రేకును గట్టిగా పట్టి ఉంచితే, రెండవవారు ఆ నట్లను వదులు చేయవచ్చు. పెడలు తీసి ఉన్నందున, చక్రం దగ్గర ఉన్న బ్రేకు చేతినే లాగిపట్టాలి. ఇంజన్ నేలమీదికి వచ్చిన తరువాత దానిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. అప్పుడు సుత్తితో కొట్టడమే గతి అవుతుంది. ఆ దెబ్బలకు క్రాంకు వంగవచ్చు. పాత క్లచ్చు పలకల దుమ్మును నోటితో ఊదరాదు. పాత కాలపు పలకలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవాలి.

దాని తరువాతనే వెనుక చైను. అతుకు లింకు దగ్గర ఉన్న క్లిప్పును తీసేముందు దాని మూసి ఉన్న కొన ఎటు ఉన్నదో చూడాలి. చైను కదిలే దిశకే మూసిన కొన ఉండాలి. తిరిగి బిగించేటప్పుడు ఎదురుగా పెడితే దారిలో క్లిప్పు ఊడి, చైను చక్రానికి చుట్టుకొనే ప్రమాదం ఉంది.

బరువు దించే ఘడియ

పాత బుల్లెట్ మొత్తం బరువు 160 కిలోలకు పైమాటే. అందులో పెద్ద వాటా ఇంజన్, గేరుపెట్టెలదే. ఒక్కరు ఎత్తబూనడం నడుముకు, వేళ్లకు చేటు. కనీసం ఇద్దరు, వీలైతే ముగ్గురు ఉండాలి. బరువు తగ్గించుకోదలచినవారు హెడ్డు, బోరు ముందే తీసివేయవచ్చు. అట్లా తీస్తే క్రాంక్ కేసు నోటికి శుభ్రమైన గుడ్డ కట్టాలి. కనెక్టింగ్ రాడ్డు అంచుకు కొట్టుకోకుండా చుట్టూ గుడ్డ చుట్టాలి.

ఈ బండిలో గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. ఫ్రేముకు ఇంజన్ కింద అడ్డ గొట్టం లేదు. ముందరి గొట్టానికీ వెనుక భాగానికీ నడుమ ఇంజనే వంతెనవలె నిలిచి ఉంటుంది. కావున ఇంజన్ బోల్టులు తీయగానే ఫ్రేము నిలకడ మారిపోతుంది. స్టాండును మాత్రమే నమ్మరాదు. ఫ్రేమును పై గొట్టం దగ్గర తాడుతో దూలానికి కట్టాలి, లేదా ముందూ వెనుకా వేరువేరు ఆనికలు పెట్టాలి. పెంకుటిల్లు వాసాలకు కట్టరాదు. బరువు మోసే దూలం గాని, బావి గిలక కట్టే గట్టి మ్రాను గాని అయి ఉండాలి. తాడును హెడ్డు రెక్కలకు, కార్బురేటరు మూతికి చుట్టరాదు. అవి విరుగుతాయి.

ఇంజన్ అడుగున చెక్కదిమ్మెలు పేర్చి, వాటి నడుమ చిన్న జాకీ ఉంచి, అడుగు తగిలేవరకు మెల్లగా లేపాలి. హెడ్డుపై నుండి ఫ్రేముకు ఉన్న ఆనిక పలకను, తరువాత ముందరి పలకలను, చివరకు వెనుక పలకల బోల్టులను వదులు చేయాలి. నట్లన్నీ ముందే తీసివేయక, ఒక్కొక్కటి వదులు చేసి, బోల్టును వేళ్లతో లాగి చూడాలి. జాకీ సరైన ఎత్తున ఉంటే పొడవైన బోల్టు కూడా చేతికి జారి వస్తుంది. సుత్తి కావలసి వచ్చిందంటే బరువు ఇంకా ఆ బోల్టుపైనే ఉన్నదని అర్థం. అప్పుడు జాకీని వెంట్రుకవాసి పైకో కిందికో జరిపి చూడాలి, బోల్టును కొట్టరాదు. తప్పనిసరిగా తట్టవలసి వస్తే నట్టును కొసతో సమంగా తిప్పి ఉంచి, దానిపై చెక్కముక్క పెట్టి తట్టాలి. అప్పుడు మరలు చెడవు.

చివరి బోల్టు తీసే వేళ ఒక్కరే మాట చెప్పాలి, మిగిలినవారు ఆ మాటనే వినాలి. "పట్టుకో నాయనా, నేను చెప్పేదాకా వదలకు" అని పెద్దవారు అనడం ఇటువంటి ఘడియలోనే. పక్కన అంతే ఎత్తున మరొక పెట్టె సిద్ధంగా ఉంచి, ఇంజన్‌ను ఎత్తడం కాక, పక్కకు జరపాలి. పలకలకూ ఇంజన్‌కూ నడుమ వేళ్లు పెట్టరాదు. జారిపోతున్న ఇంజన్‌ను పట్టుకోబోవడం కన్నా వదిలివేసి వెనక్కు తొలగడమే మంచిది. ఇనుమును మళ్లీ పోత పోయవచ్చు, తెగిన వేలిని తేలేము.

దించిన తరువాత

రంధ్రాలన్నిటికీ గుడ్డలు కుక్కి, వాటిని లెక్కపెట్టి నోటుపుస్తకంలో వ్రాయాలి. ఫ్రేములో బోల్టులను వాటి వాటి చోట్లనే తిరిగి ఉంచాలి. క్రాంక్ కేసు విడదీయడం, క్రాంకును ఒత్తి తీయడం, ఫ్లైవీళ్లను సరిచేయడం ఇంటివద్ద జరిగే పనులు కావు. వాటికి లేతు, ప్రెస్సు, కొలత పరికరాలు ఉన్న పనిశాల కావాలి.

పనిశాలకు అప్పగించే దినమే అన్నిటికన్నా జాగ్రత్త కావలసిన దినం. క్రాంక్ కేసు దొప్పలు రెండూ కర్మాగారంలో జతగా కోసి, జతగా తొలిచినవి. ఒకదానిని మార్చి వేరే బండి దొప్ప పెడితే బేరింగులు ఒకే వరుసలోకి రాకపోవచ్చు. సంఖ్య ఉన్న దొప్పే మారితే నష్టం యంత్రంతో ఆగదు. ఆర్.సి. పుస్తకంలో ఉన్న బండి ఇక లేనట్లే. ఇంజన్ మార్పునకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉండాలని చట్టం చెబుతున్నది. అనుమతి లేకుండా మారిన సంఖ్యతో సరిహద్దు తనిఖీ కేంద్రం దగ్గర పట్టుబడితే, అది తాతగారి బండేనని చెప్పుకొనే సాక్ష్యం చేతిలో ఉండదు. అందువలన ఇచ్చేటప్పుడు రసీదుపై ఇంజన్ సంఖ్య వ్రాయించుకోవాలి. తెచ్చుకొనేటప్పుడు మునుపటి పెన్సిలు అచ్చుతో పోల్చి చూసుకోవాలి. "దొప్ప పగిలింది, వేరేది వేశాము" అని ఎవరైనా అంటే పగిలిన దొప్పను కూడా అడిగి తెచ్చుకోవాలి. దానిని పాత ఇనుము కింద వదలరాదు.

తిరిగి బిగించేటప్పుడు నోటుపుస్తకాన్ని చివరి పుట నుండి మొదటి పుటకు చదివితే చాలు. వరుస అదే. పాత గ్యాస్కెట్లు, వంగిన వాషర్లు మాత్రం తిరిగి వాడరాదు. ఇంజన్ బోల్టులన్నీ చేతితో ఎక్కించిన తరువాతనే ఒక్కొక్కటిగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగిస్తే మిగిలిన రంధ్రాలు వరుస తప్పుతాయి. మొదటి సారి నడిపిన తరువాత ఆయిలు తిరుగుతున్నదో లేదో చూసి, చల్లారిన పిమ్మట అన్ని నట్లనూ మరొకసారి సరిచూడాలి.

ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలు అన్నారు. ఇంజన్ దించిన దినమే బండి బాగైనట్లు కాదు. పని నెలలు సాగవచ్చు. నడుమ కోతలు వస్తాయి, పెళ్లిళ్లు వస్తాయి, చేతిలో డబ్బు ఆడకపోవచ్చు. అంతకాలం తరువాత తిరిగి కూర్చున్నప్పుడు జ్ఞాపకం దగా చేస్తుంది. వ్రాసుకున్నది దగా చేయదు. ఇడ్లీ రేకులోని నట్లు, నోటుపుస్తకంలోని సంఖ్యలు, పెన్సిలు అచ్చు దిగిన కాగితం, ఈ మూడూ భద్రంగా ఉన్న ఇంటిలో ఏదో ఒకనాడు ఆ పాత చప్పుడు మళ్లీ పొలిమేర దాటి వినబడుతుంది.